జోయా బూస్టర్ సీటు

కోవిడ్ వార్డులు ఎత్తేసిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను క్యాజువాలిటీ నుంచి పిల్లల ఓపీకి మార్చారు. హోదా మారలేదు, అప్పటికే చాలా ఏళ్లుగా నేను సిస్టర్ ఇన్‌ఛార్జ్‌ని. స్టాఫ్ నర్సుకు పైన, నర్సింగ్ సూపరింటెండెంట్‌కు కింద ఉండే మెట్టు అది. డ్యూటీ చార్టు వేయడం, మందుల బీరువా తాళాలు దగ్గర పెట్టుకోవడం, కొత్తగా చేరిన అమ్మాయిలకు పని నేర్పడం, వాళ్ల పొరపాట్లకు పైవాళ్ల చేత మాట పడటం ఆ మెట్టు మీద ఉన్నవాళ్ల పనులు. మోకాళ్లు అరిగిపోయాయి, క్యాజువాలిటీలో పరుగులు పెట్టలేనని నేనే అర్జీ పెట్టుకున్నాను. రిటైర్‌మెంట్‌కు ఎంతో కాలం లేదు. కూర్చుని చేసే పని ఏదిచ్చినా సరే అనుకున్నాను.

మాది విశాఖపట్నంలో హైవేకు దగ్గరగా ఉన్న ప్రైవేటు ఆసుపత్రి. ఆ సంవత్సరమే మేనేజ్‌మెంట్ వాళ్లకు ఒక కొత్త ఆలోచన వచ్చింది. ఓపీ వరండా చివర ఒక చిన్న గదికి ‘పిల్లల ప్రయాణ భద్రత’ అని బోర్డు తగిలించి, నన్ను అందులో కూర్చోబెట్టారు. అంతకుముందు బెంగళూరు పంపి శిక్షణ ఇప్పించారు. గదిలో ఒక ఎత్తు కొలిచే స్టాండు, ఒక బరువు మిషను, రెండు రకాల పిల్లల సీట్లు, గాజువాకలో పాత కార్లు విప్పే చోట కొనుక్కొచ్చిన ఒక వెనక సీటు ఉండేవి. ఆ సీటును బెల్టులతో సహా చెక్క దిమ్మకు బిగించారు. టీకాలకు వచ్చినవాళ్లలో కారున్నవాళ్లను నా దగ్గరకు పంపేవారు. బిడ్డను కారులో ఎలా కూర్చోబెట్టాలో నేను చూపించాలి.

ఆ పని గురించి రెండు మాటలు చెప్పాలి. చంటిబిడ్డకు వెనక్కి తిరిగి ఉండే సీటు. కాస్త పెద్దయ్యాక ముందుకు తిరిగిన సీటు. దానికి సొంతంగా భుజాల మీదుగా, తొడల మధ్య నుంచి పట్టీలుంటాయి. ఆ తర్వాత బూస్టర్. బూస్టర్ అంటే బిడ్డను కొంచెం ఎత్తులో కూర్చోబెట్టే గట్టి పీట లాంటిది. దానికి సొంత పట్టీలుండవు. పెద్దవాళ్లు పెట్టుకునే కారు బెల్టే బిడ్డకూ. ఆ బెల్టు పిల్లకు సరిగ్గా పట్టేలా ఎత్తివ్వడమే దాని పని. అందుకే పట్టీల సీటు నుంచి బూస్టర్‌కు ఎప్పుడు మార్చాలన్నది నన్ను అందరూ అడిగే ప్రశ్న. అందరూ వయసు చెప్పమనేవారు. వయసు కాదు, బరువు చూడాలి, ఎత్తు చూడాలి, దారి పొడవునా బుద్ధిగా కూర్చోగలదో లేదో చూడాలని నేను చెప్పేదాన్ని. తలలూపి వెళ్లిపోయేవారు.

నా గది కిటికీలోంచి పార్కింగ్ కనిపించేది. నా దగ్గర అంతా విని వెళ్లిన తల్లి, బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునేది. మొదట్లో లేచి పరుగున వెళ్లి చెప్పేదాన్ని. కొన్నాళ్లకు కిటికీకి తెర వేసుకున్నాను. నేనుండేది గోపాలపట్నం. పొద్దున బస్సులో వస్తుంటే పక్కనే మోటార్ సైకిళ్ల పెట్రోలు ట్యాంకుల మీద, షేర్ ఆటోల్లో డ్రైవరు పక్కన అర పిర్ర మీద, ఎందరో పిల్లలు. వాళ్లెవరికీ నా గదితో పని లేదు. కార్లున్న కొద్దిమందికి చెప్పడానికి నన్ను పెట్టారు. వాళ్లూ వినరు. క్యాజువాలిటీలో ఒళ్లు అలిసేది, ఇక్కడ నోరు అలిసేది. అంతే తేడా అనుకునేదాన్ని.

జూలైలో, బక్రీద్ వెళ్లిన కొద్ది రోజులకు, ఒక కుటుంబం వచ్చింది. తండ్రి పేరు ఇంతియాజ్, ముప్పై అయిదేళ్లుంటాయేమో. వన్‌టౌన్‌లో చేపల బోట్లకు తాళ్లు, గొలుసులు, వలలకు కట్టే బెండ్లు అమ్మే కొట్టు వాళ్లది. తల్లి షబానా. కూతురు జోయాకు అయిదేళ్లు నిండి కొన్ని నెలలైంది, యూకేజీ చదువుతోంది. బొద్దుగా ఉంది. కళ్లు నిద్రమత్తుగా ఉన్నాయి. కొత్త గులాబీ రంగు బూస్టర్‌ను రెండు చేతులతో గుండెకు అదిమి పట్టుకుని తనే మోసుకొచ్చింది. అడిగినా ఇవ్వలేదు.

ఇంతియాజ్ నిలబడే మాట్లాడాడు. “సిస్టర్ గారూ, ఇది బక్రీద్‌కి కొన్నాను. ఒకసారి సూసి సరిగ్గా ఉందో లేదో సెప్పీండి. బేగి ఎల్లాల, కొట్టుకాడ ఎవరూ నేరు.”

ఎందుకు మార్చాలనుకుంటున్నారని అడిగాను. పాత సీటు మీద పద్దెనిమిది కేజీల వరకే అని రాసి ఉంది, పిల్ల అది దాటేసింది అన్నాడు. తన తమ్ముడి కూతురు సనా, జోయా కన్నా కొన్ని నెలలు చిన్నదట. అది అప్పుడే బూస్టర్ మీద కూర్చుంటోందట. జోయాను చూసి ‘నీది పాపల సీటు’ అని వెక్కిరిస్తోందట. ప్రతి శుక్రవారం కొట్టు మూసి, అత్తగారి ఊరైన అనకాపల్లికి కారులో వెళ్తారు. ఆ హైవే ఎలాంటిదో ఈ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. ఇనుప చుట్టలు మోసే ట్రైలర్లు ముందూ వెనకా నడుస్తుంటాయి. వాటి మధ్య సడన్ బ్రేకు అనేది రోజువారీ సంగతి.

జోయాను బూస్టర్‌తో సహా నా చెక్క దిమ్మ మీది సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. బూస్టర్ సరిపోయిందనడానికి చూడాల్సినవి ఎక్కువేం కాదు. వీపు వెనక్కి ఆనాలి. మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి. కింది బెల్టు పొట్ట మీద కాక తుంటి ఎముకల మీద పడాలి. పై బెల్టు భుజం మధ్య నుంచి రావాలి. జోయాకు పై బెల్టు మెడను ఒరుసుకుంటూ పోయింది. మోకాళ్లు అంచుదాకా రాకపోవడంతో జారింది, జారగానే కింది బెల్టు పొట్టెక్కింది. పొట్ట మీద బెల్టుతో గుద్దుకుంటే లోపల ఏమవుతుందో క్యాజువాలిటీలో చూసినదాన్ని. ఇంకా సమయం రాలేదు, పాత సీట్లోనే ఉంచండి అన్నాను.

“పాత సీటు బరువు దాటిపోయింది కదండీ. దాని మీదే రాసుంది.”

బరువు చూశాను. అతను చెప్పింది నిజమే. పద్దెనిమిది దాటి, పంతొమ్మిదికి దగ్గరగా ఉంది. పాత సీటులో కూర్చోబెట్టకూడదు. ఎత్తు చూశాను. మీటరు లేదు. ఆ ఎత్తుకు బూస్టర్‌లో కూర్చోబెట్టకూడదు.

అదే మాట చెప్పాను. ఇంతియాజ్ నవ్వాడు, నవ్వులో చిరాకుంది. “అంటే మా పిల్ల ఏ సీట్లోనూ కూకోకూడదేటి? అనకాపల్లి దాకా నడిపించుకుని తీసుకెల్లమంటారేటి?”

బెంగళూరు శిక్షణలో ఈ ప్రశ్న రాలేదు. అయితే సమాధానం లేకపోలేదు. ఇరవై అయిదు కేజీల దాకా భుజాల పట్టీలు వాడుకోగలిగిన పెద్ద సీట్లున్నాయి. మన ఊళ్లో దొరకవు, తెప్పించుకోవాలి. అది చెబుతూ, నేను ప్రతి తల్లినీ అడిగే మాటే షబానాను అడిగాను. పాత సీటులో పట్టీలు ఏ కన్నంలో ఉన్నాయమ్మా అని. ఆ సీట్లకు వీపు భాగంలో ఒకదానిపైన ఒకటిగా కన్నాలుంటాయి. బిడ్డ భుజాలు పైకి వచ్చేకొద్దీ పట్టీలను పై కన్నంలోకి మార్చుకుంటూ పోవాలి. చాలామంది ఆ సంగతే మరిచిపోతారు. అందుకని అడగడం.

“రెండోదాంట్లో ఉన్నాయండి” అంది షబానా. “మూడేళ్లు నిండినప్పుడు మార్చాం. మళ్లీ మార్చలేదు.”

“మరి పట్టీలు భుజాల కిందికి వచ్చేశాయా?”

“లేదండి, సరిగ్గా భుజాల దగ్గరే ఉన్నాయి. భుజాల కంటే కిందికొస్తే మార్చాలని సీటుతో ఇచ్చిన బొమ్మల్లో ఉంది. సూత్తూనే ఉన్నాను. అవసరం రానేదు.”

ఆవిడ మరచిపోలేదు. చూస్తూనే ఉంది. రెండేళ్ల పైబడి ఆ పిల్ల భుజాలు అక్కడే ఉన్నాయి.

మా ఓపీలో ప్రతి బిడ్డకూ గ్రోత్ చార్టు అని ఉంటుంది. ఆ వయసు పిల్లలు మామూలుగా ఎంత బరువు, ఎంత ఎత్తు ఉంటారో చూపించే వంకర గీతలు. వాటి మీద మన బిడ్డ కొలతలు చుక్కలుగా పెడతాం. జోయా బరువు చుక్క తన ఈడు పిల్లల మధ్యలోనే పడింది. ఎత్తు చుక్క మాత్రం గీతలన్నిటికీ దిగువన పడింది. అది మూడేళ్ల పిల్ల ఎత్తు. బరువు ఈడుకు తగ్గట్టు ఉండటం వల్ల ఎవరి కంటికీ ఏమీ ఆనలేదు. జ్వరమొస్తే ఎక్కడ దగ్గరైతే అక్కడ చూపించారు. అక్కడ మందు మోతాదు కోసం బరువు చూస్తారు, ఎత్తు ఎవరూ చూడరు.

నేను డయాగ్నోసిస్ చెప్పకూడదు, అది నా పని కాదు. పిల్లల డాక్టరు సుధీర్ గారి దగ్గరకు తీసుకెళ్లి, కొలతలు చూపించి, పట్టీల సంగతి చెప్పాను. ఆయన చిన్నవాడు, నిదానస్తుడు. పిల్ల చేతులు పట్టుకుని చూశారు. జూలై ఉక్కలో చేతులు చల్లగా ఉన్నాయి. చర్మం గరుగ్గా ఉంది. మెడ తడిమి చూశారు. విరేచనం రోజూ అవుతుందా, ఎంతసేపు నిద్రపోతుంది, ఆడుతుందా అని అడిగారు. విరేచనం కష్టమేనండి అంది షబానా. నిద్ర ఎక్కువ. స్కూల్లో మాత్రం చాలా బుద్ధిమంతురాలని పేరు, కూర్చోబెట్టిన చోట నుంచి కదలదని టీచరు మెచ్చుకుంటుంది అంది. డాక్టరు గారు ఆ మాటకు తలెత్తి చూశారు. థైరాయిడ్ రక్తపరీక్ష, మణికట్టు ఎక్స్‌రే రాశారు. ఎదిగే పిల్లల ఎముకల వయసు మణికట్టు ఎక్స్‌రేలో తెలుస్తుంది.

ఇంతియాజ్ మొహం మారిపోయింది. “సీటు గురించి అడగడానికొత్తే సూదులు పొడుత్తామంటారేటి? మా ఇంట్లో అందరం పొట్టోళ్లమే డాక్టర్ గారూ. నన్ను సూడండి, మా నాన్నయితే నాకంటే పొట్టిగా ఉండీవోడు.”

పొట్టిగా ఉండటం వేరు, పెరగడం ఆగిపోవడం వేరు అని సుధీర్ గారు చెప్పబోయారు. ఇంతియాజ్ వినలేదు. కూతుర్ని ఎత్తుకున్నాడు. కూతురు బూస్టర్‌ను ఎత్తుకుంది. షబానా వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లింది. కిటికీ తెర పక్కకు తీసి చూశాను. పిల్లను బూస్టర్ మీద కూర్చోబెట్టి, మెడ దగ్గర బెల్టును చేత్తో కిందికి లాగి, తలుపు వేశాడు.

పరీక్షలు చేయించని వాళ్లకు ఫోన్ చేయడం, మూడు నాలుగు సార్లు చేసినా రాకపోతే ‘రాలేదు’ అని రాసి వదిలేయడం మా పద్ధతి. షబానా ఒకసారి ఎత్తి, ఆయన్ని అడుగుతానండి అంది. తర్వాత ఎత్తలేదు. అలా వదిలేసినవాళ్లు నా ఉద్యోగంలో ఎందరో. అందరి వెనకా తిరిగితే ఉన్నవాళ్లను చూసేదెవరు? జోయానూ అలాగే వదిలేసి ఉందును. కానీ సుధీర్ గారు ఓపీ ముగించి వెళ్తూ నా గుమ్మం దగ్గర ఆగి, “సిస్టర్, ఆ పాప వచ్చిందా?” అని అడిగేవారు. లేదంటే వెళ్లిపోయేవారు. ఒక రోజు మాత్రం ఆగి చెప్పారు. “నా అనుమానం నిజమైతే, అది మూడేళ్లు దాటాక మొదలైనట్టుంది కాబట్టి తెలివితేటలకు భయం లేదు. ఎత్తు మాత్రం, ఎంత ఆలస్యం చేస్తే అంత పోగొట్టుకుంటుంది.” ఆ రోజు డ్యూటీ దిగాక గోపాలపట్నం బస్సు ఎక్కలేదు. మోకాళ్లను తిట్టుకుంటూ వన్‌టౌన్ బస్సెక్కాను.

కొట్టు కనుక్కోవడం కష్టం కాలేదు. నైలాన్ తాళ్ల చుట్టలు గుమ్మం దాటి వీధిలోకి వచ్చి ఉన్నాయి. చేపల వేట మీద వేసవి నిషేధం ఎత్తేశాక బోట్లన్నీ మళ్లీ సముద్రం మీదికి వెళ్తున్న రోజులు. కొట్టు నిండా జాలర్లు. నన్ను చూసి ఇంతియాజ్ లేచి నిలబడ్డాడు. కోపం లేదు, సిగ్గుపడ్డాడు. కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. “నాను వద్దామనే అనుకుంటన్నాను సిస్టర్ గారూ. సీజను కదా, ఊపిరాడట్లేదు” అన్నాడు. రాగానే పరీక్షల మాట ఎత్తితే మళ్లీ మూసుకుపోతాడని తెలుసు. పిల్లను ఒకసారి చూస్తానన్నాను.

కొట్టు వెనకే ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టు మిషను మీద ఇంతియాజ్ తల్లి కూర్చుని ఉంది. పిల్లలందరూ దాదీ అని పిలిచే పెద్దావిడ. భర్త పోయాక ఆ మిషను మీదే పిల్లలను పెంచిందని తర్వాత తెలిసింది. పక్కన చాప మీద జోయా పడుకుని ఉంది. సాయంత్రం వేళ, వీధిలో పిల్లలంతా అరుచుకుంటూ ఆడుతున్నారు. ఆ ఉక్కలో ఆ పిల్ల మెడ దాకా దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది.

నేనెవరో చెప్పగానే పెద్దావిడ మిషను ఆపింది. “ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారంటే, నా మనవరాలికేటైంది బేటీ?” అని అడిగింది. ఇంట్లో ఎవరూ ఆవిడకు ఏమీ చెప్పలేదని అర్థమైంది. జబ్బు పేరు నాకూ తెలియదు, పరీక్ష చేస్తే గాని తెలియదు. ఏం చెప్పాలో తోచక, మనవరాలి బట్టలు మీరే కుడతారా అమ్మా అని అడిగాను.

“నానే కుడతాను. పండక్కి పండక్కి.”

“కిందటేడు గౌనుకీ ఈ ఏడాది గౌనుకీ పొడవు ఎంత పెంచారు?”

ఆవిడ కుర్చీలోంచి వంగి చాప మీద పిల్లను చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. “పొడవు పెంచనేదు. పెంచాల్సిన పని రానేదు. నడుం కాడే వదులు సేత్తన్నాను. ఒళ్లు సేత్తంది, మంచిదే కదా అనుకున్నాను.”

గుమ్మంలో నిలబడి ఉన్న కొడుకును పిలిచింది. “ఇంతియాజ్, పిల్ల పెరగట్లేదురా.”

“నాకు తెలుసు అమ్మీ.”

ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే, షబానా వంటగదిలోంచి బయటికొచ్చి మళ్లీ అడిగింది, ఏమన్నావని. ఇంతియాజ్ గుమ్మం పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. “నాకు కనపడదేటి? సనా పక్కన నిలబెడితే రోజూ కనపడతాది. సనా దీనికంటే సిన్నది. నిరుడు ఇద్దరూ ఒకే ఎత్తు. ఇప్పుడు సూడు. అందుకే ఆ సీటు కొన్నాను. దాని మీద కూకుంటే కారు కిటికీలోంచి సనాలాగే కనపడతాది. ఎవరూ అడగరు. ఆ డాక్టర్ గారు పరీక్షలు రాయగానే నాకు బయమేసింది. ఏదైనా పెద్ద జబ్బు పేరు సెప్పేత్తారేమోనని పిల్లనెత్తుకుని పారిపోయొచ్చీసాను.”

క్యాజువాలిటీలో ఇలాంటి తండ్రుల్ని చూశాను. భయపడినవాడు కోపంగా మాట్లాడతాడు, మనం కోపాన్నే చూసి సమాధానం చెబుతాం. నేనూ ఆ రోజు ఆసుపత్రిలో అతని కోపాన్నే చూశాను. షబానా భర్త పక్కన కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేసింది. పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది. “రేపు కొట్టు నాను సూసుకుంటాను. నువ్వు తీసుకెల్లు” అంది.

మర్నాడు వచ్చారు. రక్తం తీసేటప్పుడు జోయా ఏడవలేదు, చేతి వైపు చూస్తూ ఊరుకుంది. ఆ ఊరుకోవడమే నాకు నచ్చలేదు. రిపోర్టులు వచ్చాయి. సుధీర్ గారు అనుమానించిందే నిజమైంది. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయడం లేదు. ఆ గ్రంథి నుంచి వచ్చే రసం లేకపోతే పిల్లలు పొడుగు పెరగడం ఆగిపోతుంది, ఒళ్లు మాత్రం వస్తుంది. మలబద్ధకం, చలి, మగత అన్నీ దాని వల్లే. ఎక్స్‌రేలో మణికట్టు ఎముకలు మూడేళ్ల పిల్ల ఎముకల్లా ఉన్నాయి. ఆయన ఆ ఫిల్ము వెలుతురుకు పట్టి చూపిస్తుంటే, షబానా నా వైపు చూసింది.

మందు చిన్న మాత్ర. పొద్దున్నే పరగడుపున వేయాలి, మళ్లీ కొంతసేపు ఏమీ పెట్టకూడదు. రోజూ వేయాలి. ఎన్నాళ్లని ఇంతియాజ్ అడిగాడు. బహుశా ఎప్పటికీ అన్నారు సుధీర్ గారు. కానీ పెరుగుతుందా అని ఇంతియాజ్ అడిగాడు. పెరుగుతుంది, పోగొట్టుకున్నది కూడా చాలావరకు తిరిగి వస్తుంది, మాత్ర మానకూడదు అన్నారు ఆయన. అప్పుడు ఇంతియాజ్ నా వైపు తిరిగి, “మరి సీటు సంగతేటి సిస్టర్ గారూ?” అన్నాడు. ఆ మాటకు సుధీర్ గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అది సరైన ప్రశ్నే. ఈ పిల్ల రేపు శుక్రవారం కూడా ఆ ట్రైలర్ల మధ్యే ప్రయాణం చేయాలి.

పెద్ద పట్టీల సీటు తెప్పించారు. వచ్చేదాకా అనకాపల్లి ప్రయాణాలు మానేశారు, అత్తగారే రైల్లో వచ్చి చూసి వెళ్లింది. సీటు రాగానే ఆసుపత్రి పార్కింగ్‌కు తెచ్చారు. నేను కారులోకి మోకాళ్ల మీద ఎక్కి, ఆ సీటు మీద నా బరువంతా వేసి కారు బెల్టు బిగించాను. సీటును అటూ ఇటూ ఊపితే కదలకూడదు. దిగేటప్పుడు ఇంతియాజ్ చేయి పట్టుకుంటే గాని నిలబడలేకపోయాను. గులాబీ బూస్టర్‌ను డిక్కీలో పెట్టడం చూసి జోయా ఏడ్చింది. నేను చూడగా ఏడవడం అదే మొదటిసారి. “నేను పెద్దయ్యాను కదా ఆంటీ?” అని అడిగింది. ఇంకా కాలేదు, అవుతావు అన్నాను. ఎప్పుడు అంది. పట్టీ పై కన్నంలోకి మారాక చూద్దాం అన్నాను. అది పిల్లలకు చెప్పే సమాధానం కాదు. కానీ నా దగ్గర అంతకంటే నిజమైనది లేదు.

మొదటి రెండు నెలల్లో పిల్ల కొంచెం సన్నబడింది. ఆ తర్వాత ఎత్తు కదిలింది. నెలనెలా ఇంతియాజ్ నా గదికే తీసుకొచ్చేవాడు. కొలిచే స్టాండు మీది పలకను నేను తల మీదికి దించుతుంటే, అతను ఊపిరి బిగబట్టి అంకె వైపు చూసేవాడు. దసరా సెలవులు అయ్యాక షబానా ఒక ఫిర్యాదుతో వచ్చింది. స్కూలు నుంచి పిలుపు వచ్చిందట. జోయా బెంచీ మీద కూర్చోవడం లేదు, పక్క పిల్లతో మాట్లాడుతోంది, మధ్యాహ్నం వరండాలో పరిగెత్తి పడిపోయింది. “ఇంతకుముందు ఎంత బుద్ధిగా ఉండేదండీ, ఇప్పుడు మాట వినట్లేదు. దాదీ మిషను సూది కూడా విరిచీసింది. మాత్ర ఎక్కువైందేటండీ?” అని అడిగింది. సుధీర్ గారు రక్తం మళ్లీ చూశారు. మాత్ర సరిపోయింది. ఆ పిల్ల అసలు స్వభావం అదే, ఇన్నాళ్లూ జబ్బును మనం బుద్ధి అనుకున్నాం అన్నారు. షబానా నవ్వబోయింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ మరుసటి ఏడాది వేసవిలో, పట్టీలు ఒక కన్నం పైకి మారాక, బూస్టర్ పట్టుకుని మళ్లీ వచ్చారు. చెక్క దిమ్మ మీద కూర్చోబెట్టాను. బెల్టు భుజం మధ్య పడింది, మెడను తాకలేదు. కింది బెల్టు తుంటి మీద నిలిచింది. మోకాళ్లు అంచు దగ్గర వంగాయి. కొలతలన్నీ సరిపోయాయి. ఇంక మార్చుకోవచ్చు అన్నాను. అయితే దారి పొడవునా ఇలాగే కూర్చుంటుందో లేదో మీరే చూడాలి, అది నా గదిలో తెలియదు అన్నాను.

వారం తిరక్కుండా ఇంతియాజ్ ఫోన్ చేశాడు. “సిస్టర్ గారూ, మళ్లీ ఆ పెద్ద పట్టీల సీటే పెట్టీసాను.”

ఏమైందని అడిగాను.

“లంకెలపాలెం దాటక ముందే బెల్టు సంక కిందకి తోసీసింది. కిటికీ వైపు తిరిగి మోకాళ్ల మీద లేచి నిలబడింది. రెండుసార్లు కారాపి సెప్పాను. మూడోసారి నానే వద్దనుకున్నాను. ఇంకో ఆరు నెలలు పోనీండి. ఒకటే ఏడుపు, సనా ఏమంటాదోనని. ఏడవనీండి.”

ఒక ఏడాది క్రితం అదే బూస్టర్ కోసం నాతో వాదించిన మనిషి. నేను సరేనన్నాను. నిజానికి సరే అనడానికి నేనెవరిని, నిర్ణయం అతనే తీసుకున్నాడు. జోయా బూస్టర్‌కు మారింది ఏడేళ్లు నిండాక. ఆ రోజు చూడటానికి నేను అక్కడ లేను. అప్పటికి నా గది మూసేశారు. వచ్చేవాళ్లు తక్కువని దాన్ని బిల్లింగ్ కౌంటర్లో కలిపేశారు. ఆ చెక్క దిమ్మ, దాని మీది సీటు ఏమయ్యాయో తెలియదు. నేను మిగిలిన కాలం టీకాల గదిలో పనిచేసి రిటైరయ్యాను.

ఈ ఒక్క సంగతి తలుచుకుని ఆ పని వృథా కాలేదని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ గదిలో నేను చెప్పిన మాటల్లో చాలావరకు వృథాగానే పోయాయి. పెట్రోలు ట్యాంకుల మీది పిల్లలు ఇప్పటికీ అలాగే వెళ్తున్నారు. కానీ ఆ పనిలో నేర్చుకున్నది ఒకటుంది. బిడ్డను బూస్టర్‌కు ఎప్పుడు మార్చాలని మా వీధిలో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు. వయసు నేను అడగను. బరువు ఎంత, ఎత్తు ఎంత, ప్రయాణం మొత్తం కదలకుండా కూర్చోగలదా అని అడుగుతాను. బరువు మారమంటూ, ఎత్తు వద్దంటూ ఉంటే, ఆ రెండింట్లో ఏది తప్పని వెతకవద్దంటాను. రెండు కొలతలూ నిజమే కావచ్చు. అప్పుడు సీటు కొనడం ఆపి, బిడ్డను డాక్టరుకు చూపించాలి.